ఎక్స్, ల్యాడర్, ఫ్యాన్: మన ఎండలకు, మన పాటలకు ఏ బ్రేసింగ్ గిటార్ మేలు?

హన్మకొండలో గిటార్ కొనాలనుకునే పిల్లలు ముందు బ్రాండ్ అడుగుతారు, తర్వాత పక్కలు రోజ్‌వుడ్డా మహాగనీయా అని అడుగుతారు. సౌండ్ హోల్‌లోంచి, అంటే మధ్యలోని గుండ్రటి రంధ్రంలోంచి, లోపలికి చూసి, టాప్ (ముందు పలక) కింద చెక్క పట్టీలు ఎట్లా అతికించారో చూసేవాళ్లు చాలా తక్కువ. ఆ పట్టీల అమరికనే బ్రేసింగ్ అంటారు. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ ఒక గిటార్ చేశాడు, టాప్ మాత్రం మంచి స్ప్రూస్ చెక్క, పక్కలూ వెనకభాగమూ కాగితపు గుజ్జుతో చేసిన అట్ట. గొంతు ఎక్కువగా టాప్‌లోనే ఉందని చూపడానికే అట్లా చేశాడంటారు. అలాంటప్పుడు పక్కల చెక్క మీద అంత చర్చ పెట్టి, టాప్‌ను మోసే పట్టీల సంగతి వదిలేస్తే ఎట్లా?

ఆ పట్టీలకు రెండు పనులు, అవి రెండూ ఒకదానికొకటి అడ్డం. స్టీల్ స్ట్రింగ్స్ లైట్ సెట్ (సన్న తీగలు) శ్రుతిలో పెడితే సుమారు 70 కిలోల బరువుతో బ్రిడ్జ్‌ను (టాప్ మీద తీగలు కట్టే చెక్కను) గుంజుతుంటాయి, టాప్ చూస్తే 3 మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు. అది ఉబ్బకుండా పట్టుకోవాలి, అదే సమయంలో కంపించనివ్వాలి. బిగువు ఎక్కువైతే గొంతు మూసుకుపోతుంది, తక్కువైతే నాలుగేళ్లలో బ్రిడ్జ్ వెనక పొట్ట వచ్చి స్ట్రింగ్స్ ఎత్తు పెరిగి వేళ్లు నొప్పిపెడతాయి.

తక్కువ ధర గిటార్లలో ఎక్కువగా కనిపించేది ల్యాడర్. పట్టీలన్నీ అడ్డంగా, పెంకుటింటి దూలాల్లాగా ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. స్ప్రూస్ చెక్క గ్రెయిన్ (చెక్క నార) వెంట ఎంత గట్టిగా ఉంటుందో, దానికి అడ్డంగా అందులో పదో వంతు కూడా ఉండదు, కాబట్టి అడ్డంగా బలం ఇవ్వడం సబబే. కానీ స్ట్రింగ్స్ గుంజేది నిలువుగా కదా, అటువైపు ఈ పట్టీల సాయం దాదాపు లేదు. అందుకే ఈ గిటార్లలో బ్రిడ్జ్ ముందు గుంట, వెనక ఉబ్బు త్వరగా కనిపిస్తాయి. శబ్దం టక్కున వచ్చి త్వరగా తగ్గిపోతుంది, మధ్య స్వరాలు ముందుకొస్తాయి, బేస్ పలుచగా ఉంటుంది. అయితే దీన్ని చెత్త అని కొట్టిపారేయొద్దు. అమెరికా జానపద గాయకుడు లెడ్ బెల్లీ వాయించిన పన్నెండు తీగల స్టెల్లా గిటార్ ల్యాడర్ బ్రేసింగ్‌దే, ఆ కరకు గొంతు వేరే బ్రేసింగ్‌లో రాదు. అసలు దోషం మందపాటి ప్లైవుడ్ కింద మందపాటి పట్టీలు కొట్టి అమ్మే తీరుది.

ఎక్స్ బ్రేసింగ్‌ను అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ 1840లలో మొదలుపెట్టాడు, అప్పుడు వాడింది పేగు తీగలు. తర్వాత స్టీల్ వచ్చినా ఆ అమరికే నిలబడింది. రెండు పొడవు పట్టీలు సౌండ్ హోల్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య కలుసుకుని, వాటి కాళ్లు బ్రిడ్జ్ రెండు కొసల కిందుగా పోతాయి. నిలువు బలం, అడ్డం బలం రెండూ దొరుకుతాయి, కార్డ్ వాయిస్తే ఆరు తీగలూ కలిసి ఒకే గొంతుగా వస్తాయి, బేస్ నిండుగా ఉంటుంది, శబ్దం నిలుస్తుంది.

ఇందులోనే స్కాలప్డ్ అని ఇంకో రకం ఉంది, పట్టీల మధ్యలో చెక్కేసి పలుచన చేస్తారు. పట్టీ గట్టిదనం దాని ఎత్తు ఘనాన్ని బట్టి మారుతుంది, అంటే 10 మిల్లీమీటర్ల ఎత్తును 8కి తగ్గిస్తే మిగిలేది దాదాపు సగం బలమే! రెండు మిల్లీమీటర్లకు అంత తేడా. అందుకే స్కాలప్డ్ గిటార్ చిన్నగా మీటినా విచ్చుకుంటుంది, గట్టిగా స్ట్రమ్ చేస్తే (తీగలన్నీ ఒకేసారి మీటితే) మాత్రం బేస్ గుమ్మని మిగతావాటిని మింగేస్తుంది. జనం హెవీ స్ట్రింగ్స్ వేస్తున్నారని మార్టిన్ కంపెనీయే 1944 ప్రాంతంలో స్కాలపింగ్ ఆపేసి, 1976లో హెచ్‌డీ-28 మోడల్‌తో మళ్లీ తెచ్చింది.

ఫ్యాన్ బ్రేసింగ్ నైలాన్ గిటార్లకు. టోరెస్ స్థిరపరిచిన పద్ధతిలో సాధారణంగా ఏడు సన్న పట్టీలు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. నైలాన్ గుంజేది సుమారు 40 కిలోలే కాబట్టి పట్టీలు తేలిగ్గా పెట్టొచ్చు, శబ్దం గుండ్రంగా, వెచ్చగా వస్తుంది. శబ్దం పెద్దగా వస్తుందని ఎవరో చెబితే హాస్టల్ కుర్రాళ్లు దీనికి స్టీల్ స్ట్రింగ్స్ వేస్తుంటారు. దయచేసి వేయొద్దు, బ్రిడ్జ్ లేచి వస్తుంది.

టేలర్ కంపెనీ 2018లో తెచ్చిన వీ-క్లాస్, ఆస్ట్రేలియాలో స్మాల్‌మన్ అనే గిటార్ తయారీదారు చేసిన లాటిస్ (జాలీలాంటిది) అనే బ్రేసింగ్‌లు కూడా ఉన్నాయి, మంచివే, కానీ మనలో ఎక్కువమంది బడ్జెట్‌లో లేవు.

ఇక మన వాతావరణం. మే నెలలో వరంగల్‌లో, రామగుండంలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, పగలంతా గాలి ఎండిపోయి ఉంటుంది, సాయంత్రం కాగానే అదే గదిలో కూలర్ పెడతాం, తడిగాలి నేరుగా గోడకు వేలాడే గిటార్ మీదికి. చెక్క గ్రెయిన్‌కు అడ్డంగా కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది, పట్టీ మాత్రం పొడవునా అంతగా కదలదు. ఈ లాగులాటలో జిగురు అలిసిపోయి పట్టీ కొస ఊడుతుంది. ల్యాడర్ పట్టీ గ్రెయిన్‌కు పూర్తి అడ్డం కాబట్టి ఆ లాగులాట మొత్తం దానిమీదే, ఎక్స్ పట్టీ ఏటవాలు కాబట్టి కొంత నయం. ఎన్నో గిటార్లు వానాకాలం మొదట్లో ఒక్క స్వరం దగ్గరే గరగరలాడేది దీనివల్లే, జనం ఫ్రెట్లను (మెడ మీది లోహపు గీతలను) అనుమానిస్తారు.

కాజీపేట చర్చి కాయిర్‌లో స్ట్రమ్ చేసేవాళ్లకు నా సలహా స్కాలప్ చేయని ఎక్స్, లైట్ స్ట్రింగ్స్. ఒంటరిగా వేళ్లతో వాయించేవాళ్లు, గిటార్‌ను కేసులో జాగ్రత్తగా పెట్టేవాళ్లు స్కాలప్డ్ తీసుకోవచ్చు. డప్పు పక్కన స్టేజీ మీద పాడే కళాబృందానికి మంచి ల్యాడర్ దొరికితే, దాని మధ్య స్వరాలు డప్పు మోతను దాటి వినిపిస్తాయి, కానీ మంచిది దొరకడమే కష్టం. బండి మీద, బస్సుల్లో రోజూ తిరిగే గిటార్ అయితే ప్లైవుడ్ టాప్ ఉన్న ఎక్స్ చాలు, గొంతు కొంచెం తగ్గినా ఎండకు తక్కువ కదులుతుంది.

షాపులో ఏం చేయాలంటే, పళ్ల డాక్టర్లు వాడేలాంటి చిన్న అద్దం సౌండ్ హోల్‌లో పెట్టి ఫోన్ లైట్ కొట్టండి, పట్టీలు ఎట్లా ఉన్నాయో, జిగురు సందులు ఉన్నాయో తెలిసిపోతుంది. తర్వాత స్ట్రింగ్స్‌ను అరచేత్తో ఆపి టాప్ అంతా వేలి కణుపుతో మెల్లగా తట్టండి, ఎక్కడైనా చిటచిట అంటే అక్కడ పట్టీ వదులైంది. ఇంట్లో ఉన్న గిటార్‌కు ఇట్లా వినిపిస్తే స్ట్రింగ్స్ వదులు చేసి, టాప్ పగలకముందే జిగురు పెట్టించండి.