సెక్యూరిటీ కీ ఏడాది వాడాక నా రివ్యూ, కొంటే మాత్రం రెండు కొనండి

పోయినేడాది మా ఆఫీసులో అకౌంట్స్ చూసే అమ్మాయికి ఒక మెయిల్ వచ్చింది, లింక్ నొక్కితే లాగిన్ పేజీ అచ్చం మాదిలాగే ఉంది, పాస్‌వర్డ్ కొట్టింది, ఫోన్‌కొచ్చిన ఓటీపీ కూడా కొట్టింది, అంతే. ఆ దొంగలు మా మెయిల్‌లో దూరి మా పేరుతోనే కస్టమర్లకి బిల్లులు పంపారు, బ్యాంక్ అకౌంట్ నంబర్ ఒక్కటే మార్చి. ఒకాయన పాపం డబ్బు కట్టేశాడు కూడా. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనలేదు, ఆ పేజీ చూస్తే నేనైనా కొట్టేసేవాణ్ణి.

ఆ తర్వాతే అందరికీ ఈ సెక్యూరిటీ కీలు తెప్పించా, లాగిన్ అయ్యేటప్పుడు మనమేనని రుజువు చేసే చిన్న పరికరం ఇది. పెన్‌డ్రైవ్ కంటే పల్చగా ఉంటుంది, తాళాల గుత్తికి తగిలించుకోవచ్చు. యూఎస్‌బీలో పెట్టి, పిన్ కొట్టి, మధ్యలో బంగారు రంగు బిళ్ళ మీద వేలు ఆనిస్తే లాగిన్ అయిపోతుంది, ఎన్‌ఎఫ్‌సీ (దగ్గర పెడితే వైరు లేకుండా పనిచేసే సదుపాయం) ఉన్న ఫోన్‌కైతే వెనకాల ఆనిస్తే చాలు. అసలు గొప్పతనం ఏంటంటే మనం ఏ సైట్‌కి రిజిస్టర్ చేశామో ఆ సైట్‌కే పనిచేస్తుంది, డొమైన్‌లో, అంటే సైట్ అడ్రస్‌లో, ఒక్క అక్షరం తేడా ఉన్నా అక్కడ పనికొచ్చే జవాబు ఇవ్వదు. ఓటీపీకి ఆ తెలివి లేదు, ఎక్కడ కొడితే అక్కడికి పోతుంది. 2022లో వెబ్‌సైట్లకి భద్రత ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో ముగ్గురు ఉద్యోగులు ఇలాంటి దొంగ పేజీలోనే పాస్‌వర్డ్ ఇచ్చేశారు, అయినా కీలు ఉండబట్టి దొంగలు లోపలికి రాలేకపోయారు.

ఇబ్బందులూ ఉన్నాయి. చాలా సైట్లు ఇంకా దీన్ని తీసుకోవు. పిన్ వరసగా మూడుసార్లు తప్పు కొడితే కీ తీసి మళ్ళీ పెట్టాలి, మొత్తం ఎనిమిదిసార్లు తప్పితే లాక్ అయిపోతుంది, రీసెట్ చేస్తే అందులో ఉన్నవన్నీ పోతాయి. అందుకే రెండు కొనమంటున్నా, రెండోది కూడా మొదటి రోజే అన్ని అకౌంట్లకీ రిజిస్టర్ చేసి బీరువాలో పెట్టెయ్యండి.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. కీ పెట్టాక ఎస్సెమ్మెస్ ఓటీపీని సెట్టింగ్స్‌లోంచి తీసెయ్యాలి. మూడు నెలలు నేను తీయనే లేదు, ఎవరైనా మన నంబర్‌తో ఇంకో సిమ్ తీసుకుంటే ఆ దారినే వచ్చేస్తారు, కీ ఊరికే చూస్తూ ఉంటుంది. ఇదంతా అన్నిటికంటే ముందు మెయిల్ అకౌంట్‌కి చెయ్యండి, మిగతా పాస్‌వర్డ్‌లన్నీ రీసెట్ అయ్యేది అక్కడి నుంచే కదా.

నా వరకు ఐదుకి నాలుగు. ఆ తగ్గించిన ఒకటి మా బ్యాంక్ యాప్ ఇప్పటికీ ఓటీపీనే అడుగుతున్నందుకు.