ప్లైవుడ్ డబ్బు తీసుకుని పార్టికల్ బోర్డు బిగించారు: ఇంటీరియర్ చేయించుకునేవాళ్ళు జాగ్రత్త

ఇంటీరియర్ పని ఇప్పుడు నడుస్తున్నవాళ్ళు, త్వరలో మొదలుపెట్టబోయేవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మా కిచెన్‌కి ఐఎస్ 710 గ్రేడ్ ప్లైవుడ్, అంటే నీళ్ళను తట్టుకునే రకం, వేస్తామని ఇంటీరియర్ కంపెనీ వాళ్ళు అన్నారు. శాంపిల్ చేతిలో పెట్టారు. ఆ ప్లైవుడ్ రేటే తీసుకున్నారు. తీరా చూస్తే లోపల బాక్సులన్నీ పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి ఒత్తి చేసే పలక. వాళ్ళ మీద ఫిర్యాదు వేస్తున్నాను కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి, మియాపూర్ వైపు ఫ్లాట్ కొన్నవాళ్ళకి ఇలాంటి వాళ్ళ ఫోన్లు రోజూ వస్తూనే ఉంటాయి.

మాది బాచుపల్లిలో ఫ్లాట్. కిచెన్, వార్డ్‌రోబ్‌లు, పూజ గది, టీవీ యూనిట్ కలిపి ఏడు లక్షల చిల్లర అయింది. అందులో సగం పైగా అమ్మ రిటైర్మెంట్ డబ్బు. షోరూములు తిరగడం, త్రీడీ డిజైన్లు, రంగుల దగ్గర వాదనలు అందరికీ ఉండేవే, అవన్నీ వదిలేస్తున్నాను.

షోరూములో ఒక గాజు తొట్టిలో నీళ్ళు పోసి అందులో ప్లైవుడ్ ముక్క వేసి ఉంచారు. "నెలల తరబడి నీళ్ళలోనే ఉంది మేడం, పొర కూడా లేవలేదు. మీ కిచెన్‌కి ఇదే" అని డిజైనర్ ఆ ముక్క తీసి తుడిచి అమ్మ చేతికిచ్చాడు. మొదటి కొటేషన్‌లో కూడా "బాక్సులు: 18 ఎంఎం, ఐఎస్ 710 ప్లైవుడ్" అని స్పష్టంగా ఉంది. తర్వాత రేటు గురించి మాట్లాడుకున్నాం, కొంత తగ్గించారు. రెండో కొటేషన్ పంపుతూ మెయిల్‌లో "డిస్కౌంట్ మాత్రమే మార్చాం, మిగతాదంతా పాతదే" అని రాశారు. దాని మీద సంతకం చేశాం.

గృహప్రవేశం ముహూర్తం శ్రావణంలో. ఆ తేదీ వాళ్ళ ఫారంలో మొదటి పేజీలోనే రాయించుకున్నారు. ముహూర్తం దగ్గర పడేదాకా సరుకు రాలేదు. ఆ తర్వాత "తొంభై శాతం పేమెంట్ పడితేనే ఫ్యాక్టరీ నుంచి లారీ కదులుతుంది" అన్నారు. చుట్టాలకి కార్డులు పంచేశాం, పంతులుగారికి చెప్పేశాం. కట్టక ఏం చేస్తాం? సరుకు వచ్చేసరికి పలకలన్నీ పైన లామినేట్ అనే అలంకరణ షీటు అతికించి, అంచులకి ఎడ్జ్ బ్యాండ్ అనే పట్టీ వేసి ఉన్నాయి. అలా వచ్చిన పలక లోపల ఏముందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. మోసమంతా ఈ దశలోనే జరుగుతుంది.

బయటపడింది ఆర్వో ఫిల్టర్ బిగించేటప్పుడు. పైపు కోసం ప్లంబర్ సింక్ కింద బాక్సుకి రంధ్రం వేశాడు. గోధుమ రంగు పొడి కుప్పగా రాలింది. ఆయన డ్రిల్లు ఆపి, ఆ పొడి వేళ్ళతో నలిపి చూసి, "మేడం, గిది ప్లైవుడ్ కాదు. పొట్టు పలక. నీళ్ళు తగిల్తే ఉబ్బుతది" అన్నాడు. నేను నమ్మలేదు. టార్చి వేసి చూపించాడు. ప్లైవుడ్‌లో అయితే అడ్డంగా పొరలు కనబడాలి. అందులో ఒక్క పొర కూడా లేదు.

ఫోన్ చేస్తే డిజైనర్ ఎత్తలేదు. మెసేజీలు చూసి ఊరుకున్నాడు. చివరికి వాళ్ళ ప్రాజెక్ట్ మేనేజర్ వచ్చాడు. చెప్పులు విప్పి లోపలికి రాగానే కిచెన్ వైపు కూడా చూడకుండా సోఫాలో కూర్చుని రెండో కొటేషన్ తీశాడు. "ఇక్కడ చూడండి మేడం, ఇంజనీర్డ్ వుడ్ అని ఉంది. పార్టికల్ బోర్డు కూడా ఇంజనీర్డ్ వుడ్డే. రాసిందే వేశాం, మీ సంతకం కూడా ఉంది" అన్నాడు. మొదటి కొటేషన్‌లో ఐఎస్ 710 ప్లైవుడ్ అని ఉన్నచోట, రెండో దాంట్లో ఆ మాట తీసేసి "ఇంజనీర్డ్ వుడ్" అని పెట్టారు. చెక్క పొరలతోనో, పొట్టుతోనో జిగురు కలిపి చేసే పలకలన్నిటికీ వాడే మాట అది. చదరపు అడుగు రేటు మాత్రం పైసా మారలేదు.

మా అమ్మ లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ప్రతి కాగితం ఫైల్లో పెట్టుకుంటుంది. రెండు కొటేషన్లు, మెయిల్ ప్రింటు తెచ్చి టేబుల్ మీద పక్కపక్కన పెట్టి, "మిగతాదంతా పాతదే అని మీరే రాశారు కదా బాబూ, మరి ఈ మాట ఎందుకు మారింది?" అని మెల్లగా అడిగింది. అతను ఆవిడ వైపు తిరగను కూడా లేదు. నాతో అన్నాడు: "పెద్దావిడకి ఇవన్నీ అర్థం కావు మేడం, మీరు చెప్పండి." అమ్మ మళ్ళీ అడిగింది. అప్పుడు ఆవిడతో, "ఆంటీ, ఇంట్లోకి దిగిపోయారు కదా, ఇంకా ఎందుకు టెన్షన్? నీళ్ళు పడకుండా చూసుకోండి, ఏమీ కాదు" అన్నాడు.

సింక్ కింద నీళ్ళు పడకుండా చూసుకోమని! తన డబ్బుతో కట్టిన వంటింట్లో నిలబడి అడిగిన మనిషికి ఇచ్చే జవాబా అది? డబ్బు పోయినందుకు ఎంత బాధ ఉందో, ఆ మాటకి అంతకంటే ఎక్కువ మండుతోంది. పోతూ పోతూ ఇంకోటి అన్నాడు. సింక్ బాక్సు ఒక్కటి ప్లైవుడ్‌తో మార్చాలంటే ఎక్స్‌ట్రా అవుతుందట. కేసు వేస్తే తమ హెడ్డాఫీసు ఉన్న బెంగళూరులోనే వేసుకోవాలట, అగ్రిమెంట్‌లో అలా ఉందట.

ఆ రాత్రే కూర్చుని చదివాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కట్టిన మొత్తం 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు, ఐదు నుంచి పది లక్షల మధ్య అయితే 200 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించాను. సంతకం చేశారు కాబట్టి తప్పు మాదే అన్నట్టు ఆ మేనేజర్ మాట్లాడాడు. "మిగతాదంతా పాతదే" అని రాసి పంపింది వాళ్ళు. ఆ మెయిలే ఇప్పుడు మా దగ్గరున్న గట్టి ఆధారం. మీరు కూడా ఏ మాటా ఫోన్లో వదిలేయకండి, మెయిల్లోనో వాట్సాప్‌లోనో రాయించుకోండి.

పార్టికల్ బోర్డు పనికిరాని సరుకని నేను అనడం లేదు. తడి తగలని టీవీ యూనిట్‌కో, బుక్ షెల్ఫ్‌కో తక్కువ రేటుకి తీసుకుంటే బాగానే ఉంటుంది. కానీ కోసిన అంచు నుంచి ఒక్కసారి నీళ్ళు పీల్చిందంటే ఉబ్బుతుంది, ఆరినా పాత మందానికి రాదు. స్క్రూ ఊడితే అదే రంధ్రంలో మళ్ళీ పట్టదు, తలుపు కబ్జాలు వేలాడతాయి. ఐఎస్ 710 ప్లైవుడ్ అలా కాదు, ప్రమాణం ప్రకారం 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదు. రేటులో అంత తేడా ఉండేది అందుకే. మామూలు ఎంఆర్ గ్రేడ్ కూడా ప్లైవుడ్డే, కానీ అది తేమను తట్టుకునేంత వరకే, సింక్ కిందకి సరిపోదు. "ప్లై వేస్తాం" అని ఊరికే అంటే ఏ గ్రేడో అడగండి.

ఇప్పుడు పని నడుస్తున్నవాళ్ళు వెంటనే చేయాల్సింది ఒకటే. లామినేట్ అతికించకముందే పలకలు చూడండి. మీ సైట్‌లోనే చేస్తుంటే లోడు దిగిన రోజే, ఫ్యాక్టరీలో అయితే ప్రెస్సింగ్‌కి, అంటే లామినేట్ ఒత్తి అతికించే పనికి ముందు జీడిమెట్లకో కాటేదాన్‌కో, ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చూస్తామని అగ్రిమెంట్‌లో రాయించండి. రానివ్వం అన్నారంటే అక్కడే ఆగిపోండి. పలక మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 710, సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీది, లైసెన్స్ ఇంకా నడుస్తోందా లేదా తెలుస్తుంది. మీ పలకల్లోంచే ఒక కటింగ్ ముక్క అడిగి తీసుకుని ఇంట్లో గిన్నెలో వేసి కొన్ని గంటలు మరిగించండి. నాసిరకం అయితే అప్పటికే పొరలు విడిపోతాయి.

ముహూర్తం తేదీ వాళ్ళకి అసలు చెప్పకండి. అసలు తేదీ కంటే నెల రోజులు ముందే అని చెప్పినా తప్పు లేదు. బిగింపు అయ్యాక ఇచ్చేది కనీసం పావు వంతు ఉండేలా మాట్లాడుకోండి, పది శాతం కోసం ఎవరూ తిరిగి రారు. కొటేషన్ మారిన ప్రతిసారీ పాతది పక్కన పెట్టుకుని లైను లైను సరిచూడండి.

స్టీల్ బుట్టల సంగతి కూడా చెప్పాలి. తుప్పును బాగా తట్టుకునే 304 గ్రేడ్ స్టీలు అని చెప్పి చవకైన 202 వేస్తున్నారని అదే ప్లంబర్ చెప్పాడు. అయస్కాంతం పెట్టి చూస్తే సరిపోతుందని చాలామంది అంటారు, కానీ ఈ రెండూ మామూలుగా అయస్కాంతానికి అంటవు. చుక్క వేసి చూసే టెస్టింగ్ లిక్విడ్ ఒకటి ఉంటుంది, రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగి చూడండి.

మా రెండు కొటేషన్లు, ఆ మెయిల్ పేర్లు కొట్టేసి పంపగలను. కావాల్సినవాళ్ళు మెసేజ్ పెట్టండి. మీ కొటేషన్‌లో "ఇంజనీర్డ్ వుడ్" అనే మాట ఉంటే ఈ రోజే మెయిల్ చేసి, అది ఏ పలకో, ఏ గ్రేడో రాతపూర్వకంగా అడగండి.