పాత హరికథ క్యాసెట్లకు ఆడాసిటీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

అటక మీది క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఎవరు అడిగినా నేను ఆడాసిటీ అనే, శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే సాఫ్ట్‌వేర్ పేరే చెబుతాను. ఉచితంగా దొరుకుతుందని మాత్రమే కాదు. ఎంతవరకు శుభ్రం చేయాలో, ఎక్కడ ఆపాలో తేల్చే అధికారం అది మనకే వదిలేస్తుంది. మాది అమలాపురం. శ్రీరామనవమి పందిళ్లలోనూ అంతర్వేది తీర్థంలోనూ నాన్నగారు రికార్డు చేసుకున్న హరికథలతో ఈ పని మొదలుపెట్టాను. ఇప్పుడు కొత్తపేట, ముమ్మిడివరం వైపు నుంచి కూడా తెలిసినవాళ్లు సంచుల్లో క్యాసెట్లు తెచ్చి ఇస్తున్నారు. వాటిలో చాలా కథలకు మరో ప్రతి లేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది నాకు చిన్న విషయం కాదు.

మిగతావీ వాడి చూశాను. అడోబీ ఆడిషన్‌లో మరమ్మతు పనిముట్లు గట్టివే కానీ నెలనెలా చందా కట్టాలి. తీరిక దొరికినప్పుడే ఈ పనికి కూర్చునేవారికి అది దండగ ఖర్చు. ఓసెన్‌ఆడియో తేలికైనది, ఒక ఫైలును కోసి అతికించడానికి హాయిగా సరిపోతుంది. రీపర్ సంగతి తర్వాత చెబుతాను.

ఆడాసిటీని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2021లో అది మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లినప్పుడు వాడకం వివరాలు సేకరిస్తారన్న ప్రతిపాదన మీద పెద్ద దుమారమే రేగింది, దాన్ని వెనక్కి తీసుకున్నారు. నా దృష్టిలో ఆ ఏడాది జరిగిన అసలు మేలు 3.0 వెర్షన్. అంతకుముందు ప్రాజెక్టు అంటే ఒక చిన్న ఫైలు, దాని పక్కన బోలెడు ముక్కలున్న ఫోల్డరు. ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవులో వేసి ఇస్తే అవతలివారికి ఏమీ వినిపించదు. ఇప్పుడంతా ఒకే ఫైలు. రికార్డింగు మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ తెరవగానే ఆగినంతవరకు తిరిగి తెచ్చుకోమని అడుగుతుంది. గాలివానల రోజుల్లో దీని విలువ మా ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర్లేదు.

కోనసీమ తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. దాన్ని తుడవకుండా తిప్పితే టేపును చదివే హెడ్డు మురికి పట్టి గొంతు మూసుకుపోతుంది, అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోలేదు. రికార్డు చేసేటప్పుడు లాప్‌టాప్ ఛార్జరు పీకేసి బ్యాటరీ మీద నడపండి. గుయ్‌మనే హోరు చాలావరకు అక్కడే పోతుంది. మిగిలినదానికి, ఒకే పౌనఃపున్యాన్ని తీసేసే నాచ్ ఫిల్టర్ ఉంది. తెరవగానే అందులో కనిపించే 60 హెర్ట్జ్ అమెరికా కరెంటు లెక్క, మనకు 50. ఆ హోరు క్యాసెట్‌లోనే పడి ఉంటే మరో ఉపయోగం కూడా ఉంది. ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో గీసి చూపే ప్లాట్ స్పెక్ట్రమ్‌లో, సైజు అనే చోట పెద్ద అంకె ఎంచుకుని చూస్తే అది 50కి బదులు 52 దగ్గర కనిపించిందనుకోండి, టేపు సుమారు నాలుగు శాతం వేగంగా తిరుగుతోందని అర్థం. ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్‌తో ఆ మేరకు తగ్గిస్తే దాసుగారి శ్రుతి మళ్లీ అసలు చోటికి వస్తుంది.

ఇక నాయిస్ రిడక్షన్. ఆడాసిటీకి పేరు తెచ్చిందీ ఇదే, కథలను పాడుచేస్తున్నదీ ఇదే. రొద మాత్రమే ఉన్న ముక్కను నమూనాగా చూపిస్తే, దాన్ని బట్టి మొత్తం టేపులో రొద తగ్గిస్తుంది. కథ మొదలయ్యే ముందున్న నిశ్శబ్దాన్ని నమూనాగా తీసుకోమని అందరూ చెబుతారు. హరికథలో ఆ నిశ్శబ్దం ఎక్కడుంది? దాసుగారు నోరు తెరవకముందే శ్రుతిపెట్టె మోగుతూ ఉంటుంది. ఆ ముక్కను చూపిస్తే సాఫ్ట్‌వేర్ షడ్జమాన్నే రొద అనుకుంటుంది. తర్వాత గొంతు ఆ స్వరం మీద నిలిచిన చోటల్లా పలచబడి, నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. అందుకని నేను శ్రుతి కూడా ఆగిన క్షణం కోసం వెతుకుతాను, చాలాసార్లు అది మంగళం తర్వాత దొరుకుతుంది. తగ్గింపు కూడా 6 డెసిబెళ్ల దగ్గర ఆపుతాను. కొంచెం సుయ్‌మని వినిపించినా ఫరవాలేదు, గజ్జెల చప్పుడు బతకాలి.

టప్పుమనే శబ్దాలను వెతికి తీసేసే క్లిక్ రిమూవల్‌తో ఇంకా జాగ్రత్త అవసరం. చిడతల దెబ్బ ఒక్కసారిగా లేచి పడిపోయే సన్నటి ముల్లులా తెర మీద కనిపిస్తుంది. గీతపడ్డ రికార్డులో టప్పుమనే శబ్దమూ దాదాపు అలాగే ఉంటుంది. మొత్తం టేపు మీద దీన్ని నడిపితే తాళం మొద్దుబారుతుంది. అసలైన టప్పులు తగిలిన చోట్ల ఒక్కొక్కటిగా రిపేర్ అనే ఎఫెక్టు వాడటమే మంచిది. అది ఒకసారికి 128 శాంపిళ్లకు మించి, అంటే సుమారు మూడు మిల్లీసెకన్లకు మించి ముట్టుకోదు కాబట్టి ధైర్యంగా వాడవచ్చు. ఓపిక కావాలి, నిజమే. ఆ ఓపిక ఈ కథలకు తగినదే.

రికార్డింగులో ఏ ఘట్టం ఎక్కడుందో గుర్తుపెట్టుకునే లేబుళ్లు తెలుగులోనే టైపు చేసుకోవచ్చు. ఘట్టం పేరు పెట్టి ఎగుమతి చేస్తే ఆ పేరుతోనే ఫైళ్లు విడివిడిగా వస్తాయి. 60 నిమిషాల క్యాసెట్ స్టీరియో వేవ్ ఫైలుగా సుమారు 600 మెగాబైట్లు పడుతుంది, ఫ్లాక్ రకం ఫైలులో నాణ్యత తగ్గకుండానే చాలా చిన్నదవుతుంది. శుభ్రం చేసిన ప్రతితో పాటు, చేయి పెట్టని ప్రతిని కూడా అలాగే దాస్తున్నాను.

రీపర్‌ను, పాటలు వినిపించే విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ తయారుచేశాడు. 60 రోజులు పరీక్షించుకున్నాక సొంత వాడకానికి 60 డాలర్లు. గాత్రం, మృదంగం, వయొలిన్ వేర్వేరు ట్రాకుల్లో కొత్తగా రికార్డు చేసి కలపాలంటే ఆడాసిటీ కంటే అదే సుఖం. 2022లో వచ్చిన 3.2 నుంచి ఆడాసిటీలోనూ వింటూనే ఎఫెక్టులు మార్చుకునే వీలుంది కానీ, మిక్సింగులో రీపర్‌దే పైచేయి. క్యాసెట్ల పని ఒక్కటే ఉన్నవారు మాత్రం ఆ డబ్బుతో ముందు టేప్‌రికార్డర్‌కు కొత్త బెల్టు వేయించి, హెడ్డు సరిచేయించుకోండి.