మినికాయ్ దాకా తీసుకెళ్లిన అనంతపురం ట్రావెల్స్

అనంతపురంలో తిరుపతికి, శబరిమలకు, కాశీకి బస్సులు వేసే ఒక చిన్న ట్రావెల్స్ ఉంది. జనం పెద్దగా పోని దీవులకు కూడా వాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు పదిహేను ఇరవై మందిని కూడగట్టి పంపుతారు. గత ఫిబ్రవరిలో నేనూ మా ఇంటావిడా ఆ బృందంతో లక్షద్వీప్ వెళ్లి వచ్చాము. వాళ్ల సేవలో నాకు నచ్చని సంగతులు రెండున్నాయి గనుక పేరు పెట్టి రాయడం లేదు. అయినా మా జిల్లా నుంచి అలాంటి చోటికి పోవాలనుకునేవారికి పనికి వస్తుందని వివరంగానే రాస్తున్నాను.

లక్షద్వీపే ఎందుకని మా బంధువులు చాలామంది అడిగారు. సముద్రం చూడాలంటే రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి చెన్నైలో దిగవచ్చు, గోవా కూడా మనకు మరీ దూరం కాదు. అయితే ఆ తీరాల్లో మనకు కనిపించేది ఎక్కువగా మనలాగే వచ్చిన యాత్రికులే. మూడేళ్ల కిందట అండమాన్ వెళ్లినప్పుడు అందరూ చూసే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ చూసుకొని, చివరి రెండు రోజులు ఉత్తరాన ఉన్న దిగ్లీపూర్‌లో గడిపాము. అక్కడ రాస్, స్మిత్ అనే రెండు దీవులను కలుపుతూ ఒక ఇసుక దారి ఉంది. ఆటు సమయంలో అది బయటపడుతుంది, పోటు వచ్చేసరికి మునిగిపోతుంది. దాని మీద నిలబడి, అడుగుల దూరంలో రెండు వైపులా నీళ్లు పెరుగుతుంటే చూసినప్పటి నుంచి, నేల ఇంతేనని కంటికి తెలిసే చోట మనుషులు ఎలా బతుకుతారో దగ్గరగా చూడాలన్న కోరిక నన్ను వదలలేదు. ఎటు చూసినా శనక్కాయ చేలు, వాటి వెనక గుట్టలు, ఆ గుట్టల వెనక మళ్లీ చేలు కనిపించే ఊళ్లో పుట్టినవాడికి అది చిన్న కోరిక కాదు.

లక్షద్వీప్‌లో దీవులు 36 అని లెక్క చెబుతారు. వాటిలో జనం ఉండేవి 10 మాత్రమే. అన్నిటి నేలా కలిపినా 32 చదరపు కిలోమీటర్లు. మా వైపు ఒక్క మండలమే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో మొత్తం జనం 64 వేల పైచిలుకు కాగా, బిత్రా అనే దీవిలో ఉన్నది 271 మందే. ఇంత చిన్న చోటు కాబట్టే బయటివారు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి. టికెట్టు కొనుక్కొని నేరుగా పోవడం కుదరదు. ట్రావెల్స్ వారి అసలు ఉపయోగం నాకు ఇక్కడే తెలిసింది. దరఖాస్తులు నింపడం, గుర్తింపు పత్రాల నకళ్లు జతచేయడం, ఓడలో సీట్లు ఖాయమయ్యేదాకా వెంటపడడం అంతా వాళ్లే చూసుకున్నారు. మా ఆధార్‌లో ఒక రకంగా, పాన్ కార్డులో మరో రకంగా ఉన్న ఇంటిపేరును ఆ ఆఫీసు అమ్మాయి మొదటి రోజే గమనించి, సరిచేయించుకు రమ్మని చెప్పకపోతే మా ప్రయాణం ఆగిపోయి ఉండేదేమో. తలకు రెండు వేల ఐదు వందలు తీసుకున్న సేవా రుసుముకు ఆ పని ఒక్కటే చాలుననిపించింది.

మేము వెళ్లినది లక్షద్వీప్ పాలనా యంత్రాంగం తరఫున స్పోర్ట్స్ అనే సంస్థ నడిపే ‘సముద్రం’ యాత్ర. కొచ్చిలో ఓడ ఎక్కి, కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూసుకొని ఐదో రోజుకు తిరిగి వస్తారు. పగలంతా దీవిలో, రాత్రి ఓడలో ఉండడం ఈ యాత్ర పద్ధతి. ఇది తెలిసి వెళ్లేవారికి ఇందులో ఇబ్బంది ఏమీ లేదు. కానీ మా ట్రావెల్స్ వారు మినికాయ్‌లో రాత్రి బస ఉంటుందని నోటిమాటగా చెప్పారు. దీవిలో పొద్దుగూకడం చూడాలని ఎంతో ఆశపడ్డ మా ఆవిడకు, సాయంత్రం కాగానే పడవ ఎక్కమని చెప్పినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తీరలేదు. నా మొదటి ఫిర్యాదు ఇదే. రెండోది బెంగళూరు నుంచి కొచ్చికి వేసిన బస్సు. ఓడ ఎక్కవలసిన రోజు ఉదయానికి అది ఎలాగో చేరింది గాని, విల్లింగ్‌డన్ దీవిలోని రేవుకు పరుగుల మీద పోవలసి వచ్చింది. బృందంలో డెబ్బై దాటిన దంపతులు ఉన్నారని తెలిసీ ఒక రోజు ముందుగా కొచ్చి చేర్చకపోవడం తప్పు.

మాతో పంపిన అబ్బాయి విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. తెలుగు, మలయాళం రెండూ బాగా వచ్చు. ఓడ ఎక్కకముందే అందరిచేత వాంతుల మాత్ర వేయించాడు. మొదటి రాత్రి అలలు ఎక్కువై మా ఆవిడకు తల తిరుగుతుంటే డెక్ మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, “గోడ వంక చూడొద్దమ్మా, దూరంగా ఆ దీపం వైపే చూస్తూ ఉండండి” అంటూ అర్ధరాత్రి దాకా పక్కనే ఉన్నాడు.

కవరత్తి, కల్పేని అందమైన దీవులు. అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చొని పగడాలను, రంగు చేపలను చూడడం అందరికీ నచ్చుతుంది. వాటి గురించి ఎక్కువ రాయను. మా మనసు నిలిచిపోయింది మినికాయ్‌లో.

కొచ్చి నుంచి దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, మిగతా దీవులన్నిటికీ దక్షిణంగా, విడిగా ఉంటుంది మినికాయ్. మేము వెళ్లిన రోజు ఓడ పగడపు దిబ్బ బయటే లంగరు వేసింది. ఓడ పక్కన తలుపు తెరిచి చిన్న పడవలోకి దింపుతారు. పడవ అలతో పైకి లేచిన క్షణంలో ఇద్దరు మనుషులు మన రెండు మోచేతులూ పట్టుకొని “ఇప్పుడు” అన్నట్టు తల ఊపుతారు, మనం అడుగు వేయాలి. దిబ్బ దాటి లోపలికి రాగానే ముదురు నీలం నీళ్లు ఒక్కసారిగా లేత పచ్చగా మారి, అడుగున ఇసుక మీద పడవ నీడ కనిపిస్తుంది.

మిగతా దీవుల్లో మలయాళం మాట్లాడితే ఇక్కడ మహల్ మాట్లాడతారు. అది మాల్దీవుల భాషకు దగ్గరిది, కుడి నుంచి ఎడమకు రాస్తారు. 1885లో కట్టిన దీపస్తంభం (లైట్‌హౌస్) ఎక్కి చూస్తే దీవి మొత్తం, ఈ కొన నుంచి ఆ కొన దాకా, కొబ్బరి చెట్లతో ఒక వంపు తిరిగిన గీతలా కనిపించింది. ఇక్కడి మగవారిలో చాలామంది ప్రపంచమంతా తిరిగే సరుకు ఓడల్లో పనిచేస్తారు. ఉన్నవారు గాలాలతో ఒక్కొక్కటిగా సూర చేపలు పడతారు. చేపను ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెలా గట్టిపడేలా చేసి నిల్వ చేసుకుంటారు.

ఓడల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మమ్మల్ని ఇంటికి పిలిచారు. వాకిలి తెల్లటి ఇసుక, గీతలు పడేలా ఊడ్చి ఉంది. మా ఆవిడను ఆడవాళ్లు లోపలికి తీసుకెళ్లి కొబ్బరి కోరు, బెల్లం కలిపి చేసిన తీపి పెట్టారు. మన కొబ్బరి లౌజు లాగే ఉందని ఆమె అంది. పెరట్లో ఒక బావి ఉంది. నీళ్లు నా నిలువెత్తు లోతులో కూడా లేవు. పొడవాటి కర్రకు డబ్బా కట్టి వంగి ముంచుకుంటున్నారు. మీ ఊళ్లో నీళ్లు ఎంత లోతున పడతాయని ఆయన హిందీలో అడిగితే, మా తమ్ముడు వేసిన బోరు ఎనిమిది వందల అడుగులని చెప్పాను. ఆయన అంకె తప్పు విన్నానేమోనని మళ్లీ అడిగారు. ఆ తరువాత ఆయన చెప్పింది విన్నాక నేనూ అలాగే మళ్లీ అడిగాను. అంత పైనున్న నీటిని వాళ్లు మోటారు పెట్టి గట్టిగా తోడలేరు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ ఉంటుంది. ఎక్కువ తోడితే కిందనున్న ఉప్పు పైకి వస్తుంది, ఇక ఆ బావి తాగడానికి పనికిరాదు. మా వైపు బోరు ఎండిపోతుంది, అక్కడ బావి ఉప్పవుతుంది. మన కంటే ఎంతో ఎక్కువ వాన పడే చోట నీళ్లను ఇంత లెక్కగా వాడుకోవడం చూసి నాకు చాలాసేపు మాట రాలేదు. బిందె తరువాత బిందె వరుసలో పెట్టి సత్యసాయి నీళ్ల కుళాయి కోసం ఎదురుచూసిన ఊరి నుంచి వచ్చినవాణ్ణి గనుక ఆ బావి దగ్గర నేను పరాయివాడిని అనిపించలేదు.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో సముద్రపు నీటి నుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రాన్ని నెలకొల్పింది. 2011లో మినికాయ్‌లో, అగత్తిలో కూడా అలాంటివే వచ్చాయి. మినికాయ్ కేంద్రాన్ని మేము బయటి నుంచే చూసినా, పెద్దాయన ఎంతో గర్వంగా దాని పనితీరు వివరించారు. పైనున్న సముద్రపు నీరు వెచ్చగా, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఒడ్డు దాటిన కొద్ది దూరంలోనే సముద్రం నిటారుగా లోతుకు దిగుతుంది కాబట్టి, మూడు నాలుగు వందల మీటర్ల కింద నుంచి చల్లటి నీటిని గొట్టంతో పైకి తేవచ్చు. గాలి బాగా తీసేసిన గదిలోకి వెచ్చని నీటిని వదిలితే పొయ్యి లేకుండానే కొంత ఆవిరవుతుంది, ఆ ఆవిరి చల్లటి గొట్టాలకు తగిలి మంచినీరవుతుంది. ఆయన ఇంట్లో గ్లాసుతో ఇచ్చిన ఆ నీరు నేను తాగాను. ఏ రుచీ లేదు, వాన నీటిలా ఉంది.

ఇలాంటి ఇంటి పెరటి దాకా మమ్మల్ని చేర్చింది ఆ ట్రావెల్స్ అబ్బాయి భాషే గనుక, ఫిర్యాదులున్నా మళ్లీ వాళ్లతోనే వెళతాను. వెళ్లేవారు మాత్రం రాత్రి బస ఎక్కడో, ఏ దీవిలో ఎన్ని గంటలు ఉంటారో కాగితం మీద రాయించుకోండి. కొచ్చికి ఒక రోజు ముందుగా చేరేలా పట్టుబట్టండి. వానాకాలంలో ఈ యాత్రలు ఉండవు, అక్టోబరులో మళ్లీ మొదలవుతాయి. అనుమతి పనికి వ్యవధి కావాలి కాబట్టి ఆగస్టులోనే ఆఫీసుకు వెళ్లడం మంచిది. మేము ఈసారి అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్‌కు అడిగి వచ్చాము, అక్కడ రాత్రి దీవిలోనే ఉండేలా రాసిస్తామన్నారు.