ఇంటి ముందు నీళ్లు నిలుస్తుంటే ఏది మేలు: ఇంకుడు గుంతా, కంకర కాలువా, మెరకా?

గుంటూరులో మా ఇంటి ముందు గడ్డి రెండేళ్లు వరసగా వానాకాలంలో కుళ్లిపోయింది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు, ఇప్పుడు వీధి ఎత్తు, మా ఆవరణ పళ్లెం. ఎవరినడిగినా ఇంకుడు గుంత తవ్వించమన్నారు, తవ్వించాను, డబ్బులు దండగ.

ఎందుకంటే మాది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెల్లో పుల్ల పెడితే జానెడు లోపలికి దిగుతుంది, ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తుంది, అది చూసే మోసపోతాం. రెండు గట్టి వానలు పడగానే మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోతాయి. అనుమానముంటే వానల్లోనే అడుగు లోతు గుంట తీసి బకెట్ నీళ్లు పోసి చూడండి. మా గుంటలో మర్నాడు కాఫీ వేళకి కూడా సగం నీళ్లున్నాయి, పైగా ఒక కప్ప. కింద ఇసుక పొర ఉండి, నేలలో నీళ్లు లోతుగా ఉన్నచోట ఇంకుడు గుంత మంచిదే. విజయవాడలో కాలువ పక్క ఇల్లయితే మాత్రం ముందు ఈ పరీక్ష చేయండి.

మెరక తోలిస్తే పని ఒక్కరోజులో అయిపోతుంది. కానీ ఆ నీళ్లు పక్కింటికో మన గోడ కిందికో పోతాయి, మట్టి ఇంటి గచ్చు దాకా వస్తే చెమ్మ, చెద. గచ్చుకి కనీసం అరడుగు కిందే ఆపాలి.

నా ఓటు కంకర కాలువకే, వీధి కాలువ దాని అడుగుభాగం కంటే పల్లంలో ఉంటేనే సుమా. అడుగు వెడల్పు, అడుగున్నర లోతు తవ్వి, 4 అంగుళాల పీవీసీ పైపుకి రంధ్రాలు వేసి, అవి కిందికి ఉండేలా పెట్టి, చుట్టూ కంకర పోసి, ఆ కంకరని జియోటెక్స్‌టైల్ గుడ్డతో (నీళ్లు వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టాలి, లేకపోతే రేగడి బురద పూడ్చేస్తుంది. వాటం వీధి కాలువ వైపు 10 అడుగులకి అంగుళం పైనే ఉండాలి. మేస్త్రి ఈశాన్యానికే పెడతానని పట్టుబట్టాడు, మా వీధి కాలువేమో పడమర, ఆ వాదనకే ఒక పూట పోయింది.

గడ్డి సంగతికొస్తే, తడి మట్టిలో పార పెట్టొద్దు, పెళ్లలు కట్టి రాయవుతుంది. పదును చూసి తవ్వి, తుంగ గడ్డలు ఏరేసి, మాగిన పశువుల ఎరువు కలిపాం. ఈసారి మెక్సికన్ గ్రాస్ వద్దనుకుని గరిక నాటాం, రెండు రోజులు నీళ్లు నిలిచినా తట్టుకుంది. మామిడి నీడలో మాత్రం అది రాదు, అక్కడ నాలుగు నాపరాళ్లు పరిచి వదిలేశాం.