మిద్దె తోట కిట్టు: పెంపుడు జంతువులున్న ఇంట్లో వాడి చూశాక

నగరంలోని ఒక నర్సరీ అమ్ముతున్న ఈ కిట్టును మా కుక్కకూ కుందేళ్లకూ ఇంటి కూరగాయలే పెట్టాలన్న ఉద్దేశంతో కొన్నాను కనుక, దిగుబడితో పాటు వాటి క్షేమాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. గ్రో బ్యాగులు దళసరిగా ఉన్నాయి, కోకోపీట్ (మట్టిలో కలిపే కొబ్బరి పీచు పొట్టు) నాణ్యమైనదే.

విత్తనాల ఎంపిక మెచ్చదగినది. పందిరి అవసరం లేని అర్క కోమల్ బీన్స్, క్యారెట్, కీర, గుమ్మడి, కొత్తిమీర ఇచ్చారు. బీన్స్‌నూ గుమ్మడి ముక్కలనూ ఉప్పు, తాలింపు లేకుండా ఉడికించి పెడితే కుక్క ఇష్టంగా తింటోంది. క్యారెట్ దుంపలో చక్కెర ఎక్కువ కాబట్టి కుందేళ్లకు చిన్న ముక్క చాలు, ఆకు మాత్రం ధారాళంగా వేయవచ్చు. కీర చేదుగా ఉంటే మనం పారేసినట్టే వాటికీ పెట్టకూడదు.

అదే పెట్టెలో టమాటా, ఉల్లి విత్తనాలు కూడా ఉన్నాయి. టమాటా పండు కుక్కకు ఫరవాలేదు గానీ, ఆకులోనూ పచ్చికాయలోనూ ఉండే టొమాటిన్ అనే విష పదార్థం హాని చేస్తుంది. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మిగిలిన సాంబారు అన్నం కుక్కకు కలిపిపెట్టే అలవాటున్నవారు ఈ సంగతి గమనించాలి.

నా అసలు అభ్యంతరం ఎరువుల పొట్లం మీద. అందులో వేపపిండితో పాటు ఆముదం పిండి, ఎముకల పొడి కలిపి ఇచ్చారు. ఆముదం గింజల నుంచి నూనె తీసినా రిసిన్ అనే విషం నూనెలోకి పోకుండా పిండిలోనే ఉండిపోతుంది. తగినంత వేడితో శుద్ధి చేయని పిండిని కుక్క తింటే వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఎముకల పొడి వాసనకు కుక్కలు మట్టిని తవ్వి మరీ తింటాయి కాబట్టి ఈ రెంటినీ కలపడం మరింత ప్రమాదకరం. కరపత్రంలో ఆముదం పిండిలోని నత్రజని గురించి ఒక పేరా నిండా రాసినవారు, పెంపుడు జంతువుల గురించి ఒక్క వాక్యమైనా రాయలేదు. అడిగితే ఆ పొట్లం వెనక్కి తీసుకుని వర్మీ కంపోస్టు ఇచ్చారు గానీ, హెచ్చరిక ముద్రించే మాట మాత్రం ఎత్తలేదు.

విత్తనాలకు ఐదుకు నాలుగు మార్కులు, ఎరువుల పొట్లానికి ఒకటి. కుక్క ఉన్నవారు ఆ పొట్లాన్ని కొట్లోనే మార్పించుకుని తెచ్చుకోవాలి.