వెబ్ ఆప్షన్లకు ముందు సీనియర్ల ఇంట్లో బస: కాకినాడ ఏర్పాటుపై ఒక సమీక్ష

వైద్య కళాశాలను ముందుగా చూసి రావడానికి కాకినాడ వెళ్లే కోనసీమ కుటుంబాలలో కొన్ని లాడ్జి జోలికి పోకుండా, అక్కడే ఎంబీబీఎస్ చదువుతున్న మన ప్రాంతపు విద్యార్థుల అద్దె ఇళ్లలో ఒక రాత్రి బస చేసి వస్తున్నాయి. దీనికి బోర్డు లేదు, యాప్ లేదు, రసీదు అసలే లేదు. పిల్లలు ఇంటర్ చదివిన కళాశాల పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగితే, తమ గదిలో చోటు ఉందని ఎవరో ఒకరు ముందుకు వస్తారు. మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేను కూడా ఇలాగే వెళ్లి వచ్చాను కాబట్టి, డబ్బు పెట్టి కొనుక్కున్న సేవను ఎలా తూచి చెబుతామో దీనినీ అలాగే తూచి చెప్పడం న్యాయమని అనుకుంటున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. పడక, స్నానం, నిద్ర విషయంలో ఇది ఓ మాదిరి లాడ్జికి కూడా సరితూగదు. కళాశాల గురించి తెలుసుకోవడంలో మాత్రం దీనికి సాటి వచ్చే మార్గం నాకు మరొకటి కనిపించలేదు.

మన దగ్గర ఎంబీబీఎస్ ప్రవేశానికి ఇంటర్వ్యూ లేదు. 720 మార్కుల నీట్‌లో వచ్చిన ర్యాంకే ప్రమాణం. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోగా, మిగిలినవాటికి విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ జరుపుతుంది. అభ్యర్థి ఇంట్లో కూర్చుని కళాశాలల పేర్లను తన ఇష్టం వచ్చిన వరుసలో పెట్టుకుంటే సరిపోతుంది, వెబ్ ఆప్షన్లు అంటే ఇవే. ఇందులో ఉన్న సౌకర్యమే ఒక లోటు కూడా. చివర్లో ఆసుపత్రిలో చేసే హౌస్ సర్జన్సీ శిక్షణతో కలిపి ఐదున్నరేళ్లు గడపవలసిన చోటును చేరే రోజు దాకా కళ్లతో చూడని పిల్లలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. పెళ్లిచూపులకు నాలుగు ఇళ్లు తిరిగే మనం ఈ విషయంలో ఇంత తాపీగా ఎందుకు ఉంటామో నాకు అర్థం కాదు.

అమెరికాలో స్థిరపడిన మా బంధువుల అమ్మాయి అక్కడి వైద్య కళాశాలలకు దరఖాస్తు చేసినప్పుడు తన అనుభవం చెప్పింది. అక్కడి ప్రవేశ పరీక్ష అయిన ఎంక్యాట్‌లో మార్కులు ఎంత బాగున్నా ఇంటర్వ్యూ లేకుండా సీటు రాదు. శరదృతువు మొదలుకొని చలికాలం ముగిసేదాకా అభ్యర్థులు ఒక నగరం నుంచి మరొక నగరానికి తిరుగుతూ ఉండేవారు. విమానం ఖర్చుకు హోటల్ ఖర్చు కూడా తోడైతే భారమవుతుందని, చాలా కళాశాలల్లో మొదటి, రెండవ సంవత్సరపు విద్యార్థులే అభ్యర్థులను ఇంటర్వ్యూకు ముందు రాత్రి తమ ఇంట్లో ఉచితంగా ఉంచుకునేవారు. సోఫానో, గాలి పరుపో ఇచ్చేవారు, మరునాడు ఉదయం కళాశాల దాకా దారి చూపించేవారు. అతిథి వెళ్లేటప్పుడు చిన్న కానుకో, కృతజ్ఞత తెలిపే కార్డో ఇవ్వడం మర్యాదగా ఉండేది. 2020లో కోవిడ్ కారణంగా ఇంటర్వ్యూలు వీడియో ద్వారా జరగడం మొదలయ్యాక, చాలా కళాశాలలు ఆ పద్ధతినే కొనసాగించడంతో ఈ ఆతిథ్యం బాగా తగ్గింది. అక్కడ ఈ ఏర్పాటుకు కళాశాల కార్యాలయమో, విద్యార్థి సంఘమో పూచీగా ఉండేది. మన దగ్గర పరిచయం ఒక్కటే పూచీ, కాబట్టి జాగ్రత్త పడవలసిన బాధ్యత కూడా మనదే.

మా వైపు నుంచి కాకినాడ ఏమంత దూరం కాదు. ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ అయిన గౌతమిని పంటు మీద దాటిన రోజులు పోయాయి. బాలయోగి వంతెన మీదుగా యానాం చేరి, 216వ జాతీయ రహదారి వెంట సాగితే అమలాపురం నుంచి పూట లోపే వెళ్లి రావచ్చు. అయినా రాత్రి బస అవసరం ఎందుకు పడుతుందో లంక గ్రామాలవారికి చెప్పనవసరం లేదు. కౌన్సెలింగ్ నడిచే కాలమూ గోదావరికి వరద వచ్చే కాలమూ సాధారణంగా ఒకటే. జూలై, ఆగస్టు నెలల్లో కాజ్‌వే మీదికి నీళ్లు వస్తే ఇంటికి పడవ మీద చేరాలి, చీకటి పడ్డాక పడవ దొరకదు. సాయంత్రం తరగతులు ముగిశాక గానీ విద్యార్థులు మాటకు దొరకరు కాబట్టి, వారితో తీరికగా మాట్లాడాలంటే రాత్రి అక్కడ ఉండక తప్పదు.

మాకు ఆతిథ్యం ఇచ్చినవారు ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరూ కోనసీమవారే. ఒకరు రెండవ సంవత్సరం, మరొకరు మూడవ సంవత్సరం చదువుతున్నారు. ఒక మేడ మీద పోర్షన్ తీసుకుని, వారితో పాటు మరొక అమ్మాయి కూడా అద్దె పంచుకుంటోంది. రెండు గదులు, చిన్న వంటగది, బాల్కనీలో ఆరేసిన తెల్ల ఏప్రన్లు. అన్నం ఇంట్లో కుక్కర్‌లో వండుకుని, కూరలు వీధి చివర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. ఆ పూట గోంగూర పప్పు, దొండకాయ వేపుడు తెచ్చారు. నేను ఇంటి నుంచి తీసుకెళ్లిన మాగాయ పచ్చడి వాటికి తోడైంది. మా ఇద్దరికీ మంచం ఇచ్చి తాము నేల మీద పరుపు వేసుకున్నారు. వద్దన్నా వినలేదు. మంచం కింద ఉన్న అట్టపెట్టె కాలికి తగులుతోందని బయటికి లాగితే అది అనాటమీ చదువుకు వాడే మనిషి ఎముకల పెట్టె, బోన్ సెట్ అని తేలింది. పై తరగతికి వెళ్లినవారు కింది తరగతివారికి ఆ ఎముకలను అమ్మడమో, అప్పగించడమో చేస్తారట. మా అమ్మాయి తుంటి ఎముకను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను మాత్రం ఆ పెట్టెను పక్క గదిలోకి చేర్పించాకే నడుం వాల్చాను.

ఈ బసకు అసలు విలువ భోజనం తరువాత సాగిన సంభాషణలో ఉంది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ చదవాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. మృతదేహాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో మొదటి వారం ఫార్మలిన్ ఘాటుకు కళ్లు ఎలా మండుతాయో, ఒక టేబుల్ చుట్టూ ఎంతమంది నిలబడితే వెనక ఉన్నవారికి ఏమీ కనిపించదో, ముందు వరుసలో చోటు కోసం ఎంత ముందుగా వెళ్లాలో పుస్తకం చెప్పదు. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలన్న నిబంధన మాకు ముందే తెలుసు. వైరల్ జ్వరం వచ్చి కొన్ని రోజులు మంచం పట్టిన అమ్మాయి ఆ శాతాన్ని తిరిగి ఎలా కూడగట్టుకుందో ఆమె నోటనే విన్నాక, ఆ అంకెల బరువు మా అమ్మాయికి అర్థమైంది. మొదటి సంవత్సరం పరీక్షలను నాలుగు ప్రయత్నాలలోపు గట్టెక్కాలని, చేరిన తొమ్మిదేళ్లలోపు కోర్సు ముగించాలని కూడా ఆ రాత్రే వివరంగా మాట్లాడుకున్నారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు వైవా అనే మౌఖిక పరీక్షలో తడబడతారన్న భయం గురించి మా అమ్మాయి అడిగితే, జవాబు తెలిసినా నోరు పెగలని మొదటి నెలల గురించి రెండవ సంవత్సరపు అమ్మాయి దాచకుండా చెప్పింది. గదిలో అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో పైకి చెప్పుకుంటూ చదవడం తనకు పనికి వచ్చిందట.

ఇద్దరి అభిప్రాయాలు కలవకపోవడం మాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది. మూడవ సంవత్సరపు అమ్మాయి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కేసులు ఎక్కువ కాబట్టి చేయి తిరుగుతుందని గట్టిగా నమ్ముతుంది. రెండవ సంవత్సరపు అమ్మాయి అదే రద్దీ వల్ల వార్డుల్లో నేర్చుకునే క్లినికల్ పోస్టింగ్స్‌లో పీజీ వైద్య విద్యార్థుల భుజాల మీదుగా తొంగి చూడడమే మిగులుతోందని అంటుంది. తల్లిదండ్రులుగా మనం ఒక్క విద్యార్థినే అడిగితే ఈ రెండు మాటల్లో ఒకటే మన చెవిన పడుతుంది. అందువల్ల ఇలా బసకు వెళ్లేవారు వీలైతే వేరువేరు సంవత్సరాలవారు కలిసి ఉండే ఇంటినే ఎంచుకోవాలని నా సలహా.

ఉదయం మమ్మల్ని 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాల వైపు, ఆ తరువాత ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైపు తీసుకువెళ్లారు. రెండూ ఒకే ప్రాంగణంలో లేవన్న సంగతి మాకు అంతవరకు తట్టలేదు. మొదటి ఏడాది కళాశాలకు దగ్గరగా గది తీసుకున్నవారికి రెండవ ఏడాది నుంచి పోస్టింగ్స్ కోసం ఆసుపత్రికి రాకపోకలు తప్పవు కాబట్టి, హాస్టల్‌లో ఉండని పిల్లలకు ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది చిన్న ప్రశ్న కాదు. ఆసుపత్రి ఓపీ దగ్గర రంపచోడవరం వైపు ఏజెన్సీ నుంచి వచ్చినవారు, మా కోనసీమవారు వరుసలో నిలబడి ఉన్నారు. వార్డుల్లోకి తీసుకువెళ్లమని నేను అడగబోతే, రోగులను చూపించడానికి అది ప్రదర్శనశాల కాదు ఆంటీ అని మూడవ సంవత్సరపు అమ్మాయి మర్యాదగానే కాదంది. ఆ ఒక్క మాటతో ఆమె మీద నా గౌరవం పెరిగింది.

లోపాలు కూడా చెప్పాలి. ఆ ఇంట్లో కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయి, మోటారు ఉదయం కాసేపే వేస్తారు, ఆ కాసేపట్లో ఐదుగురం స్నానాలు ముగించాలి. దోమతెర ఒక్కటే ఉంది. మూడవ అమ్మాయికి మా రాక గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు. మరునాడు ఆమెకు ఇంటర్నల్ పరీక్ష ఉండడంతో మా మాటల చప్పుడుకు పుస్తకం పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుంది. లోపలికి రమ్మని ఎంత పిలిచినా రాలేదు. ఈ తప్పు మాకు ఆతిథ్యం ఇచ్చినవారిదే, ఇంటిలో సమాన హక్కు ఉన్న మనిషిని అడగకుండా అతిథిని పిలవకూడదు. పైగా ఇంటి యజమాని బయటివారు రాత్రి ఉంటే తలకు రెండు వందలు అదనంగా వసూలు చేస్తాడన్న విషయం బయలుదేరే ముందు గానీ మాకు తెలియలేదు. మొత్తం చిన్నదే, ముందే చెప్పి ఉంటే బాగుండేది.

డబ్బు విషయంలో నాకు ఇంకా ఒక తేల్చని సందేహం ఉంది. అమ్మాయిలు పైసా తీసుకోలేదు. యజమానికి ఇవ్వవలసింది మేమే ఇచ్చి, రావులపాలెంలో కొన్న చక్కెరకేళీలు, ఇంట్లో చేసిన సున్నుండలు వారికి ఇచ్చాము. సొంత మనుషులకు డబ్బు ఇవ్వడం ఏమిటని మా పెద్దవాళ్లు అంటారు గానీ, నెలకు పది కుటుంబాలు ఇలాగే అరటిపళ్లు పట్టుకుని దిగితే ఆ పిల్లల చదువు ఏం కావాలి? కనీసం కర్రీ పాయింట్ ఖర్చు, ఆటో ఖర్చు మనమే భరించడం నియమంగా పెట్టుకోవాలి.

మరొక జాగ్రత్త. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచి ఉంది. ఆతిథ్యం ఇవ్వడం ర్యాగింగ్ కిందికి రాకపోయినా, తిన్న ఉప్పుకు బదులుగా రేపు చేరాక రికార్డులు రాసిపెట్టమనే చనువు పెరుగుతుందేమోనని నేను బయటికి అనకుండా భయపడ్డాను. ఈ అమ్మాయిల ప్రవర్తనలో అలాంటి ఛాయ కూడా లేదు. అయినా ఇంటి పెద్దలు ఒకరు వెంట ఉండడం, ఆడపిల్ల ఆడపిల్లల ఇంట్లోనే దిగడం, ఆ ఇంటి చిరునామా ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచడం తప్పనిసరి. హాస్టల్‌లో దొంగతనంగా చోటు ఇప్పించమని మాత్రం ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. పట్టుబడితే శిక్ష పడేది మనకు కాదు, ఆ విద్యార్థికి.

2023లో మొదలైన రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాలలను చూడదలచినవారికి ఈ మార్గం ఇప్పట్లో అంతగా అక్కరకు రాకపోవచ్చు. అక్కడ ఐదున్నరేళ్లూ పూర్తి చేసినవారు ఇంకా లేరు, బయట ఇల్లు తీసుకుని స్థిరపడిన సీనియర్లు దొరకడమూ కష్టమే. అలాంటి చోట పగటిపూట వెళ్లి క్యాంటీన్ దగ్గర నలుగురిని పలకరించి రావడం మేలు. కాకినాడకైతే సీట్ల మొదటి రౌండ్‌కు కొన్ని వారాల ముందు, ఇంటర్నల్ పరీక్షలు లేని శనివారం చూసుకుని వెళ్లాలి. ఫోన్ రాత్రి ఎనిమిది దాటాక చేయాలి, పోస్టింగ్స్‌లో ఉన్నప్పుడు వారు ఎత్తరు. ఇంట్లో ఎందరు ఉంటారో, అందరికీ సమ్మతమో కాదో, యజమానికి ఎంత ఇవ్వాలో ఆ ఫోన్‌లోనే అడిగేయాలి. దోమతెర మాత్రం మనమే తీసుకెళ్లాలి.